కళ్ళు పెట్టని విమానం

మనవడు బొమ్మ కారుకు రంగు వేస్తుంటే థిన్నర్ వాసన ఇల్లంతా కమ్మింది. మా చిన్నాయన చేసిన ప్లాస్టిక్ విమానం ధూల్‌పేట్ నుంచి ఎగిరి చార్మినార్ చుట్టి వచ్చిందని వాడికి చెప్పాను. అబద్ధం. అది మా అరుగైనా దాటలేదు.

నా చిన్నప్పుడు చిన్నాయన ఆ విమానం ముక్కలు అతికించి, అతుకులు కనబడకుండా గరుకు కాగితంతో రుద్ది, పలచటి రంగు పూత మీద పూత వేశాడు. చివరికి కళ్ళలా ఉన్న ముందు అద్దాలకు నీలం వేయబోతే నేను చెయ్యి పట్టుకుని ఏడ్చాను. మా వాడలో చేసే వినాయకుడి విగ్రహాలకు కళ్ళు ఆఖరున దిద్దుతారు. దిద్దగానే ప్రాణం వస్తుందని విన్నాను.

"కండ్లు పెట్టకు చిన్నాయనా, ఎగిరిపోతది!"

"ఇమానం ఉన్నదే గందుకు గదరా."

"పోతే మల్లొస్తదా?"

ఆయన నవ్వలేదు. కుంచె కడిగేశాడు.

వేలిముద్ర పడిందని రెక్కంతా మళ్ళీ రుద్దిన మనిషి, ఆ విమానాన్ని అలాగే బీరువాలో పెట్టాడు. వచ్చిన స్నేహితులు ఎగతాళి చేసేవారు.

"గిదేంది భాయ్, సగంల ఇడిసిపెట్టినవ్?"

"లేదన్నా, పూర్తయింది," అనేవాడు చిన్నాయన.

పనిలో అంత పట్టింపున్న మనిషికి ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు ఈ వయసులో తెలుస్తోంది.