సునీత ఏడవని నవల

ఈ రోజు గురువారం. పొద్దున్నే తెనాలిలో మా కాలేజీలో లెక్చరర్ చదివిన ఒక పాత జర్మన్ నవల విని మా క్లాసంతా ఏడ్చింది. వేరొకరి భార్యను ప్రేమించి, ఆమె వద్దన్నా వదలక, చివరికి తుపాకీతో కాల్చుకుని చనిపోయినవాడి కథ అది. ఆ వాక్యాల అందానికి నేనూ కరిగిపోయాను. రేపల్లె నుంచి రోజూ రైల్లో వచ్చే నా స్నేహితురాలు సునీత మాత్రం చలించలేదు.

“నీకు పాపమనిపించలేదేంటే?” అన్నాను.

“రైల్లో ఒకడు రోజూ కర్చీఫ్ వేసి నాకు సీటు ఆపుతాడే. నేను నిలబడే వస్తున్నా. కూర్చోకపోతే పట్టాల మీద పడతానన్నాడు నిన్న. పెట్టెలో అందరూ వాణ్నే పాపమంటున్నారు. ఇంక కాలేజీ మానేస్తా.”

ఆ నవల చదివి, అందులోని ఆమె కోసం ఏడ్చినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా? మా క్లాసులో లేరు.

రేపు తెల్లారకముందే బస్సులో రేపల్లె వెళ్తాను. వాడికంటే ముందు రైలెక్కి, నా చున్నీ వేసి సునీతకు సీటు ఆపుతాను.