బరువు తగ్గని జగ్గు

ముసలివాళ్ల వార్డులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆ ఆయాను ఇప్పుడందరూ గ్లాసక్క అంటారు. ఆ పేరు రావడానికి కారణం ఒక దర్జీ.

తుంటి విరిగి చేరాడాయన. వచ్చిన రోజే ఆమె యూనిఫాం ఎగాదిగా చూసి, "చంకల్లో పట్టేసింది. కుట్టినవాడికి నీమీదేం పగమ్మా?" అన్నాడు. మర్నాడు ఆమె గ్లాసు అందిస్తే పక్కకు నెట్టేశాడు. "తాగితే ఒంటేలుకి మళ్లీ నిన్నే పిలవాలి. ఆడకూతురి చేత ఆ పనేం చేయిస్తాను?"

"భలేవాడివి బాబాయ్," అని నవ్వేసి వెళ్లిపోయిందామె.

నాలుగో రోజుకి ఆయన దుప్పటి మీద లేని గుండీలు ఏరుతున్నాడు. కన్నకూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

"నీళ్లు సరిగ్గా తాగుతున్నాడా? తాగకపోయినా ఈ వయసులో ఇలా మతి తప్పుతుంది," అన్నాడు డాక్టరు. నర్సు చార్టు చూసింది. "రోజుకి మూడు జగ్గులండీ."

"అయితే మతిమరుపు జబ్బే కావచ్చు. రేపు పరీక్ష చేస్తాను. అదే అయితే ఇంట్లో ఒక్కడే ఉండడం కుదరదు. ఏదైనా ఆశ్రమం చూసుకోండి."

కూతురు గోడకు చేరగిలబడింది. "ఆ కుట్టుమిషను వదిలి ఒక్కరోజు ఉండలేడు అక్కా," అంది ఆయాతో.

ఆయా మామూలుగానే పాత నీళ్లు పారబోద్దామని జగ్గు ఎత్తింది. చెయ్యి కిందికి లాగింది. నిన్నా ఇంతే బరువు, మొన్నా ఇంతే. ఆ వార్డులో జగ్గు నింపితే చార్టులో గీత పడుతుంది. ఎవరు తాగారో ఎవరూ చూడరు. ఆ గీతలు ఆమె పెట్టినవే.

చెబితే తిట్లు తప్పవు. అయినా గుమ్మం దాటుతున్న డాక్టరు దగ్గరికి జగ్గుతో సహా వెళ్లింది.

"ఆయన గుటక కూడా వెయ్యలేదు సార్. గీతలు నావి."

చీవాట్లూ పడ్డాయి, మెమో కూడా వచ్చింది. కానీ రక్తపరీక్ష చేశారు, సెలైన్ ఎక్కించారు. గంటకోసారి మగ అటెండరు వెళ్లి ఒంటేలుకి వస్తోందా అని ఆయన్ని అడిగేలా ఆమే మాట్లాడింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడేది.

"పోలీసులా ఉన్నావే," అని విసుక్కున్నాడాయన రెండో రోజు. ఆమెకి ఆ విసుగు బాగుంది.

మూడో రోజు కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. ఇవాళ ఏ వారమంటే మాత్రం ఇంకా తప్పే చెబుతున్నాడు. డాక్టరు మతిమరుపు పరీక్ష కాగితం పక్కన పెట్టి, "తుంటి కాస్త కుదురుకోగానే ఇంటికే తీసుకెళ్లండి. నెలకోసారి చూద్దాం," అన్నాడు.

చక్రాల కుర్చీ గుమ్మం దాటుతుంటే ముసలాయన వెనక్కి తిరిగాడు.

"ఆ చంకల కుట్లు విప్పించుకో అమ్మాయ్. నా దగ్గరికే పంపు."