బుధవారం చీటీ

తొమ్మిదేళ్లుగా ఒక చీటీ నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీ ముందు కక్కుతున్నాను. ఓదార్చకండి.

బళ్లారి కంటోన్మెంట్‌లో మా క్రైస్తవ సంఘం చిన్నది. బుధవారం ప్రార్థనకు వచ్చేవాళ్లు తమ కష్టాలు చీటీల మీద రాసి రేకు పెట్టెలో వేస్తారు. సంఘ పెద్దగా వాటిని ఇంటికి తీసుకెళ్లి, వారమంతా ఒక్కొక్కరి కోసం మోకరించేవాణ్ణి. చీటీలో ఉన్నది ఎవరికీ చెప్పకూడదు. నేను చెప్పాను.

సండూరు ఇనుప గని మేనేజరు ఒకడు మా మందిరానికి స్లాబు వేయిస్తానన్నాడు. బదులుగా మా సంఘంలోని లారీ డ్రైవర్ల సంగతులు చేరవేయమన్నాడు. దేవుని పని కోసమే కదా అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక కొత్త కప్పు చూసి అందరూ నన్ను మెచ్చుకోవాలని ఆశపడి, ఆ ఆశకు దేవుని పేరు పెట్టుకున్నానా?

దానియేలు ఆ గనిలోనే డ్రైవరు. బడిలో కన్నడం చదివినవాడికి, బైబిలు చదువుకోవడానికి తెలుగు అక్షరాలు దిద్దించింది నేనే. పర్మిట్ లేని లోడ్ల ఫోటోలు తీసి సత్యనారాయణపేటలో అక్క ఇంట్లో దాచాననీ, అక్రమ రవాణా మీద విచారణకు వచ్చిన అధికారికి శుక్రవారం ఇస్తాననీ, ధైర్యం కోసం ప్రార్థించమనీ ఆ అక్షరాలతోనే నాకు చీటీ రాశాడు.

ప్రార్థించాను. లేచి మేనేజరుకు ఫోన్ చేశాను.

గురువారం పొద్దున ఆ ఇంటి తలుపు విరగ్గొట్టారు. ఫోటోలు పోయాయి. అడ్డుపడిన దానియేలు కుడిచెయ్యి నుజ్జయింది.

ఆదివారం కట్టుతోనే మందిరానికి వచ్చాడు.

“ఎవురు చెప్పినారంటావప్పా?” అని అడిగాను. నా సిగ్గులేనితనం చూడండి.

“ఏమోన్నా. నీకూ దేవునికీ తప్ప ఎవురికీ చెప్పలే. నువ్వయితే కాదు. ఇంక దేవుడే చెప్పినట్టుండాడు!” అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నా పళ్లు రాలగొట్టుకోవాలనిపిస్తుంది. యేసును పట్టించిన యూదా కనీసం తనకు ముట్టిన వెండి నాణేలు విసిరేశాడు. నేను ఆ స్లాబు కిందే నిలబడి కీర్తనలు పాడాను.

దేవుడు క్షమిస్తాడని నాకు చెప్పకండి. ఆ మాట నేనే వందసార్లు బోధించాను. విరిగింది దేవుడి చెయ్యి కాదు.

నిరుడు నేను పెద్దరికం వదులుకున్నాక సంఘం దాన్ని దానియేలుకు ఇచ్చింది. ఇప్పుడు ఎడమచేత్తో పెట్టె తెరిచేది అతనే. మీకు చెప్పిందంతా ఇంకో కాగితం మీద రాసి, నిన్న బుధవారం అందులో వేశాను. గొంతు కాస్త తెరుచుకుంది.

పేరు రాయలేదు. నా అక్షరాలు అతనికి తెలుసు.