ఓంప్రకాశ్ కొలిచిన దూరం

ఓంప్రకాశ్ ఫొటోలు తీస్తాడు, నేను వాటిని చీకటి గదిలో కడుగుతాను. ముప్పయ్యేళ్ళుగా ఇదే మా స్నేహం. సికింద్రాబాద్‌లో ఇంకా చెక్క కెమెరాను మూడుకాళ్ళ స్టాండుకెక్కించి పెద్ద ఫిల్ము మీద ఫొటో తీసేవాడు మావాడొక్కడేనని నేను గొప్పలు పోతుంటాను. తను మాత్రం కస్సుమంటాడు.

ఆ కెమెరా వెనక గాజుపలక ఉంటుంది. నల్లగుడ్డ కప్పుకుని, దాని మీద తలకిందులుగా పడే బొమ్మను చూస్తూ ఫోకస్ సరిచేయాలి. ఓంప్రకాశ్ నాలుగేళ్ళ కిందట ఆ గుడ్డ మానేసి, అరచేతిలో ఇమిడే రేంజ్‌ఫైండర్ తెచ్చుకున్నాడు. అందులోంచి చూస్తే మనిషి రెండుగా కనిపిస్తాడు. చక్రం తిప్పి ఆ రెంటినీ ఒకటి చేస్తే దూరం ఎన్ని అడుగులో తెలుస్తుంది. కెమెరా పట్టాల మీద అడుగుల వారీగా గీసుకున్న పెన్సిల్ గీత దగ్గరికి లెన్సును జరిపితే సరి.

"గుడ్డల దూరి కూసుంటే జనం ఆగుతరా?" అనేవాడు. నిజమే కాబోలనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొన్న శుక్రవారం అల్వాల్‌లో ఒక బడి హెడ్‌మిస్ట్రెస్ కుసుమకుమారి గారి పదవీ విరమణ ఫొటో తీశాడు. వాళ్ళ హాల్లో అంతకుముందు పనిచేసిన వాళ్ళవన్నీ ఈ కెమెరా ఫొటోలే. నెగటివ్ కడిగి భూతద్దం పెట్టి చూస్తే ఆవిడ ముఖం అలికేసినట్టుంది. వెనక కిటికీ ఊచల మీద తుప్పు మచ్చలు మాత్రం లెక్కపెట్టొచ్చు. మావాడు కొలిచింది మనిషిని కాదు, కిటికీని.

"ఫిల్మే ఖరాబు" అన్నాడు ఫోన్లో. "సోమవారం మళ్ళ తీస్త. మంగళవారం మేడం ఊరిడిసి పోతున్నరంట. గిదొక్కటే ఛాన్సు."

ఫిల్ము ఖరాబైతే ఊచలు అంత చక్కగా ఎలా వస్తాయి? ఆ మాట ఫోన్లో అనలేక, ఆదివారం పొద్దున నేరేడ్‌మెట్‌లో వాళ్ళింటికి వెళ్ళాను.

"రేంజ్‌ఫైండర్ తప్పు చూపిస్తున్నదేమో, ఒక్కసారి చూద్దాం" అన్నాను. ఓంప్రకాశ్ ముఖం మాడిపోయింది. హాలు ఈ చివర నిలబడి, వంటింటి గుమ్మంలో ఉన్న భార్యతో "ఊర్మిళా, గాడనే ఉండు, కదలకు" అన్నాడు.

"జల్ది కానియ్, పొయ్యి మీద పాలున్నయ్" అంది వదిన.

అతను రేంజ్‌ఫైండర్ కంటికి ఆనించి చక్రం తిప్పసాగాడు. అంతలో పాలు పొంగిన వాసన. వదిన చప్పుడు చేయకుండా లోపలికి పరుగెత్తింది. ఓంప్రకాశ్ చక్రం తిప్పుతూనే ఉన్నాడు.

"పదమూడు అడుగులు. సాఫ్‌గ కనబడుతున్నది. కావాల్నంటే టేపు పెట్టి చూస్కో" అన్నాడు. "ఊర్మిళా, జెర నవ్వరాదు, విజయేందర్ నమ్ముతలేడు."

గుమ్మం ఖాళీగా ఉంది.

"ఎవల్ని నవ్వమంటున్నవ్?" వంటింట్లోంచి వదిన గొంతు వినిపించింది. "నేను పొయ్యికాడున్న."

అతను చెయ్యి దించాడు. నా భుజం తడుముకుంటూ పట్టుకుని, గొంతు తగ్గించాడు.

"నాలుగేండ్ల సంది సూపు మసకబారుతున్నది, ఏడాది సంది ఆమె మొఖమే నాకు కనబడ్తలేదు, విజయేందర్. చుట్టూ అంత కనబడ్తది, నడుమ ఏం ఉండది. ఆమెకు చెప్పకు, పరేషాన్ అయితది."

వదిన అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడి, అతని వంకే చూస్తోంది.