మూడుసార్లు జల్లించిన పిండి

మా పైవాటాలో ఉండే రొట్టెల బాబాయ్ పోయి ఈ నెలకి ఏడాది. ఆయన బతికుండగా ఈ సంగతి రాయడానికి లేదు. పిన్నికి మాటిచ్చాను. ఇద్దరూ లేరు కనుక ఆ మాటకి గడువు తీరినట్టేనని నాకు నేనే సర్దిచెప్పుకుని రాస్తున్నాను.

బాబాయ్ నాకు చుట్టమేమీ కాదు. వీధి చివర బేకరీలో ముప్పయ్యారేళ్ళు పిండి కలిపినవాడు కాబట్టి వీధి మొత్తానికి రొట్టెల బాబాయ్. ఆ లెక్కన ఆయన భార్య మా అందరికీ పిన్ని. తెల్లవారకముందే పనికి వెళ్ళి పదింటికల్లా తిరిగొచ్చేవాడు. చేతిలో కాగితంలో చుట్టిన వేడి రొట్టె, నెత్తి నుంచి చెప్పుల దాకా మైదా. కనుబొమ్మలు కూడా తెల్లగా ఉండేవి.

"పెళ్ళైన మర్నాడే నా మొగుడు ముసలాడైపోయాడమ్మా," అనేది పిన్ని. ఆయన గుమ్మంలో నిలబడి చొక్కా దులుపుతుంటే, "ఇల్లంతా దులుపు, ఇంకా రెండు మూలలు మిగిలాయి," అని దెప్పేది. దెప్పుతూనే రొట్టె అందుకుని, అంచు విరిచి నోట్లో వేసుకునేది. వాళ్ళింట్లో పొద్దు మొదలయ్యేది ఆ అంచుతోనే.

పిన్ని కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకి కాజాలు కుట్టేది. సన్నగా, పాలిపోయి ఉండేది. ఆమెకి ఎప్పుడూ కడుపు బాధే. ఉబ్బరం, విరేచనాలు, నీరసం. చూసిన ప్రతి డాక్టరూ గ్యాసన్నాడు, నరాల బలహీనతన్నాడు, రక్తం తక్కువన్నాడు. ఎర్రమాత్రలు రాసిచ్చాడు. "నా కడుపులో ఎవరో అద్దెకి దిగారే అమ్మాయ్. ఖాళీ చెయ్యమంటే చెయ్యరు, పొద్దస్తమానం కొట్లాటే," అని నవ్వేది.

ఒకరోజు నీళ్ళ బకెట్ ఎత్తబోతే మణికట్టు విరిగింది. బకెట్‌లో సగం కూడా నీళ్ళు లేవు. యాభై రెండేళ్ళ మనిషికి ఎముకలు ఇంత గుల్లబారడమేమిటని కట్టు కట్టిన చోట ఒక డాక్టరమ్మకి అనుమానం వచ్చింది. చిన్న వయసు, మెల్లగా మాట్లాడే మనిషి. రక్తం పరీక్ష చేయించింది. గొంతులోంచి గొట్టం వేసి పేగు చూసింది. గోధుమలో ఉండే జిగురు ఈమె పేగుకి పడదని, ఏళ్ళ తరబడి లోపల అంతా కొరుక్కుపోతోందని చెప్పింది. ఆ జిగురుకి గ్లూటెన్ అని పేరు. చిటికెడు కూడా తగలకూడదంది.

"మీరేం పని చేస్తారు?" అని బాబాయ్‌ని అడిగిందట.

"రొట్టెలు చేస్తానమ్మా."

డాక్టరమ్మ రాస్తున్న కలం కింద పెట్టేసిందట. ఆ తర్వాత ఆయన భుజాల వైపు చూసిందట. భుజాల మీద మైదా ఉంది.

అన్నం తినొచ్చు, కూరలు తినొచ్చు, పాలు, గుడ్లు అన్నీ తినొచ్చు, ఒక్క రొట్టె మానేస్తే చాలని చెప్పింది. ఆ ఒక్క మాటే బాబాయ్‌కి మింగుడుపడలేదు. "ఊళ్ళోవాళ్ళందరికీ రొట్టె పెట్టి నా ఇంటిదానికి లేదంటానా? ఇంకేం మొగుణ్ణి?" అన్నాడు మా గుమ్మంలో నిలబడి.

ఆ వారంలోనే పని మానేశాడు. పనికి వేసుకెళ్ళిన బట్టలన్నీ మూటకట్టి ఎవరికో ఇచ్చేశాడు. చెప్పులు పారేశాడు. వంటింటి గోడలు మూడుసార్లు కడిగాడు, అటకలు తుడిచాడు, పాత డబ్బాలు ఒక్కటి కూడా ఉంచలేదు. పిన్ని గుమ్మంలో కుర్చీ వేసుకుని, కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "అటు ఆ మూల," అని అజమాయిషీ చేసింది. బేకరీ నుంచి ఆయన తెచ్చుకున్నది ఒక్కటే వస్తువు. జల్లెడ.

ఆ జల్లెడ గురించి కాస్త చెప్పాలి. చెక్క చట్రం, ఇత్తడి తీగ వల. ఆయనకి పని నేర్పిన పెద్దమేస్త్రి చేతిదట. బొటనవేలు ఆనే చోట చెక్క నున్నగా గుంటపడి ఉండేది. జల్లెడని కడగకూడదన్నది ఆ పనివాళ్ళ పద్ధతి. తడిస్తే చెక్క ఉబ్బుతుంది, వల సడలుతుంది. పని అయ్యాక అరచేత్తో అంచు మీద రెండు దెబ్బలు కొట్టి మేకుకి తగిలించడమే. తెలియక నీళ్ళలో ముంచినవాడికి నెత్తిన మొట్టికాయ పడేదని బాబాయ్ నవ్వుతూ చెప్పేవాడు.

ఆ తర్వాత ఆయన కొత్త పిండి కనిపెట్టే పనిలో పడ్డాడు. రొట్టెకి, కేకుకి, బిస్కెట్టుకి, దేనికైనా ఒకే డబ్బాలోంచి తీసి వాడుకునేలా ఉండాలని పట్టుదల. దుకాణంలో బియ్యప్పిండి కొనలేదు. గోధుమ ఆడిన మరలోనే ఆడి ఉంటారని భయం. బియ్యం కడిగి, నీడన ఆరబెట్టి, కొత్తగా కొన్న మిక్సీలో తనే పట్టాడు. దానికి బంగాళదుంప పిండి, కర్రపెండలం పిండి కలిపాడు. జిగురు లేదు కనుక పట్టు కోసం ఇసబ్‌గోల్ పొట్టు. ఆ పొట్టు దగ్గరికి రావడానికే నెల పట్టింది.

మొదటి రొట్టె పిన్ని చేతికి ఇస్తే బల్ల మీద కొట్టి చూసింది. టక్కుమంది. "ఏమయ్యా, ఇది తినడానికా, గోడ కట్టడానికా?"

రెండోది ముట్టుకుంటేనే ఇసుకలా రాలింది. మూడోది లోపల బంకలా ఉండిపోయింది. "ముప్పయ్యారేళ్ళు నీకు జీతమిచ్చిన వాళ్ళని చూడాలని ఉంది నాకు," అంది పిన్ని.

"నోర్మూసుకుని తిను."

"మూసుకుంటే ఎలా తినను?"

ఈ వాదన మా ఇంటిదాకా వినపడేది. పధ్నాలుగోసారి కుదిరింది. ఆరువందల గ్రాముల బియ్యప్పిండి, రెండొందల యాభై బంగాళదుంప పిండి, నూటయాభై కర్రపెండలం, పైన ఇరవై గ్రాముల పొట్టు. నాలుగూ నాలుగు రకాల బరువు, నాలుగు రకాల మెత్తన. ఒకటయ్యేదాకా కలపాలి. "జల్లెడలోనే ఉంది తల్లీ మర్మం. ఒకసారి జల్లిస్తే చుట్టాలు. రెండోసారికి స్నేహితులు. మూడోసారికి నాలుగూ ఒక్క పిండి," అన్నాడు నాతో. వేళ్ళ మధ్య రుద్ది చూపించాడు. నిజంగానే మైదాలా ఉంది.

ఆ రోజు నుంచి వారానికి రెండుసార్లు మా నెత్తిమీద ఆ చప్పుడు. సర్ సర్ సర్, తర్వాత టక్, టక్. మూడు విడతలు. వంట చేసుకుంటూ నేను కూడా లెక్కపెట్టేదాన్ని.

మొదట్లో పిన్నికి బాగుంది. రెండు కిలోలు పెరిగింది. బుగ్గల మీద రంగు వచ్చింది. మూడో నెలలో ఆ పెరగడం ఆగిపోయింది. ఐదో నెలలో మళ్ళీ కడుపు బాధ మొదలైంది. ఆర్నెల్ల పరీక్షలో రక్తంలో జబ్బు చూపే అంకె మారలేదు. డాక్టరమ్మ నొచ్చుకుంటూనే అడిగింది: "ఎక్కడో గోధుమ లోపలికి వెళ్తూనే ఉందమ్మా. బయట ఏమైనా తింటున్నారా? నాతో చెప్తే తప్పేం లేదు."

పిన్ని లేదంది. ఇంటికొచ్చాక బాబాయ్ సోదాలు మొదలుపెట్టాడు.

ఇక్కడినుంచి రాయడం నాకు కష్టంగా ఉంది. అంత మెత్తటి మనిషి అలా అయిపోతాడనుకోలేదు. పిన్ని కాజాల డబ్బా విప్పి, దారపు ఉండల కింద వెతికాడు. దిండు గలీబులు దులిపాడు. ఆమె మా ఇంటికి వచ్చి వెళ్తే, వెనకే దిగొచ్చి, "ఏం పెట్టావ్ తల్లీ పిన్నికి?" అని అడిగేవాడు.

"మంచినీళ్ళు బాబాయ్."

"నిజం చెప్పు. బిస్కెట్ అంటే పడి చస్తుందది. నీ మీద కోపం రాదు నాకు."

పైన ఒక మధ్యాహ్నం పెద్ద గొడవైంది. "ఏదీ, నోరు తెరు," అంటున్నాడాయన. తర్వాత పిన్ని గొంతు, అరవకుండా, స్పష్టంగా: "ఇదిగో తెరిచాను. వాసన చూడు. కుక్కలా చూడు."

ఆ తర్వాత ఆమె మా ఇంటికి రావడం మానేసింది. కిటికీ దగ్గర కూర్చోవడమూ తగ్గింది. బాబాయ్ మాత్రం పట్టుదల ఇంకా పెంచాడు. వారానికి రెండుసార్లు చేసే పిండి మూడుసార్లు చేశాడు. తాజాగా ఉంటే తేడా ఉంటుందేమోనని. మూడు విడతల జల్లింపు నాలుగైంది. దెబ్బలు గట్టిగా పడేవి.

పదకొండో నెల పరీక్ష కూడా అలాగే వచ్చింది. అప్పటికి పిన్ని మెట్లు ఎక్కలేకపోతోంది. డాక్టరమ్మ ఈసారి బాబాయ్‌ని ఒక్కణ్ణే రమ్మంది. పిండి చెయ్యడానికి వాడే ప్రతి వస్తువూ తెమ్మంది. ఆ గదిలో జరిగింది బాబాయ్ నాకు చెప్పింది కొన్నేళ్ళ తర్వాత.

అన్నీ సంచిలోంచి తీసి బల్ల మీద పేర్చాడట. త్రాసు, గరిటె, డబ్బాలు, మిక్సీ గిన్నె. అన్నీ కొత్తవే, తళతళలాడుతున్నాయి. ఆఖర్న జల్లెడ. డాక్టరమ్మ దాన్ని తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. వల చెక్కలోకి దిగే చోట గోటితో గీసింది. సున్నం పెచ్చులాంటిది ఊడి బల్ల మీద పడింది. ఇంకో చోట గీసింది. అక్కడా అంతే. చట్రం చుట్టూ అదే.

"దీన్ని ఎప్పుడు కడిగారు?"

"జల్లెడని ఎవరు కడుగుతారమ్మా?" అన్నాడట బాబాయ్. అలా అంటున్నప్పుడు కూడా తెలియలేదట ఆయనకి. పని రాని మనుషులతో మాట్లాడేటప్పుడు నవ్వినట్టు నవ్వాడట. డాక్టరమ్మ నవ్వకపోయేసరికి, బల్ల మీది పెచ్చు వైపు చూశాడు. ముప్పయ్యారేళ్ళ మైదా. ఆపైన అది పెద్దమేస్త్రి చేతిలో ఉన్న ఏళ్ళది.

"నేనే కొట్టి కొట్టి రాల్చాను తల్లీ. దెబ్బ కొట్టినప్పుడల్లా కాస్త," అన్నాడు నాతో.

ఆ సాయంత్రం స్టీలు జల్లెడ కొనుక్కుని వచ్చాడు. పాతది ఏమైందని పిన్ని అడిగితే, "చిల్లు పడింది," అన్నాడు.

వారం తర్వాత ఆయన దుకాణానికి వెళ్ళిన సమయం చూసి పిన్ని నేలమీద చెంబుతో కొట్టి నన్ను పిలిచింది. పైకి వెళ్ళాను. గోడకి ఆనుకుని మంచం మీద కూర్చుని ఉంది. చేతులు రెండు పుల్లల్లా ఉన్నాయి.

"వినపడుతోందా నీకు? ఆ టక్ టక్ లేదు."

"కొత్త జల్లెడట కదా పిన్నీ."

"ఊఁ. పాతదానికి చిల్లు పడిందట. జల్లెడకి చిల్లు పడటమేంటే? చిల్లులు లేకపోతే దాన్ని పళ్ళెం అంటారు." నవ్వబోయి దగ్గింది. "అబద్ధం చెప్పడం రాదు వెధవకి. కొత్త జల్లెడని రోజూ సబ్బుతో రుద్ది రుద్ది కడుగుతున్నాడు. కడిగేటప్పుడు ఏడుస్తున్నాడు. నేను నిద్రపోతున్నాననుకుంటున్నాడు. ఇంకేం చెప్పాలి?"

"కోపం రాలేదా?" అన్నాను.

"రాకేం? రెండు రోజులు రొట్టె ముట్టలేదు. ఆకలి లేదన్నాను. నా కాజాల డబ్బా వెతికాడే ఆయన! నోరు తెరిపించాడు!" కిటికీ వైపు తిరిగింది. "మూడో రోజు తిన్నాను. తినకపోతే ఆయనకి తెలిసిపోతుంది, నాకు తెలుసని. ఆ తర్వాత ఈ ఇంట్లో ఎలా తిరుగుతాడు? మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? నువ్వు చెప్పకు. నేను పోయాక కూడా చెప్పకు."

మాటిచ్చాను.

ఆ రొట్టె పిన్ని ఇంకో డెబ్బై రోజులు తిన్నది. బాగుందని రోజూ చెప్పేది. అంచు విరిచి నోట్లో వేసుకుని, "ఇప్పుడు వచ్చింది నీకు పని," అనేది. ఆయన తల వంచుకునేవాడు. వానలు మొదలైన వారంలో జలుబు చేసింది, ఛాతీలోకి దిగింది. తట్టుకునే ఒళ్ళు కాదది. ఆస్పత్రిలో ఐదో రోజున పోయింది. చేరినప్పుడు తీసిన రక్తం ఫలితం ఆమె పోయిన మూడో రోజున వచ్చింది. జబ్బు అంకె సగానికి పైగా దిగింది.

జల్లెడ వల్లే పోయిందని చెప్పలేనని, ముప్పయ్యేళ్ళ నుంచి ముదిరిన జబ్బని డాక్టరమ్మ బాబాయ్‌కి రెండుసార్లు చెప్పింది. ఆయన రెండుసార్లూ, "సరేనమ్మా," అన్నాడు.

తర్వాత నాలుగేళ్ళు బతికాడు. పిండి చెయ్యడం మానలేదు. డాక్టరమ్మ దగ్గరికి ఇదే జబ్బుతో వచ్చినవాళ్ళు డబ్బాలు పట్టుకుని మా మెట్లెక్కేవారు. పాళ్ళు కాగితం మీద రాసిచ్చేవాడు. ఎవరొచ్చినా మొదట అడిగేది, "మీ ఇంట్లో జల్లెడ ఎలాంటిది?" అని. వాళ్ళకి విచిత్రంగా ఉండేది.

పోవడానికి నెల ముందు నన్ను పైకి పిలిచాడు. అప్పుడే ఆ గదిలో జరిగింది మొత్తం చెప్పాడు. మంచం కింద నుంచి కాగితాల పొట్లం లాగి విప్పాడు. పాత జల్లెడ. కడిగి ఉంది. చెక్క ఉబ్బి, ఒక చోట నిలువునా పగిలింది. ఇత్తడి వల సడలి, పచ్చగా చిలుము పట్టి, నడుమ కిందికి జారింది. ఎన్నిసార్లు కడిగాడో.

"ఒక్కటే మేలు తల్లీ," అన్నాడు. "ఆ పిచ్చిది తెలుసుకోకుండానే పోయింది. నా చేతి రొట్టె బాగుందనుకుంటూ పోయింది."

"అవును బాబాయ్," అన్నాను.

నా మొహం వైపు కాసేపు చూశాడు. తర్వాత జల్లెడని ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలు ఆ గుంటలో ఆనించి, అలవాటు కొద్దీ అరచేత్తో అంచు మీద రెండుసార్లు కొట్టాడు. ఏమీ రాలలేదు.