సాంచెల మోతలో

మా మనుమరాలి బొమ్మల పుస్తకాన్ని కూడబలుక్కుంటూ చదివాను. అందులో ఒక పిల్ల ఎంత అరిచినా పెద్దలు పట్టించుకోరు. చివరికి కంచంలోకి ఎక్కి కూర్చుంటే, నాయనమ్మ చూడకుండా ఆ పిల్ల మీదే పప్పు వడ్డిస్తుంది. మనుమరాలు పడీపడీ నవ్వింది. నాకు మా సాంచెల షెడ్డు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మా అమ్మానాన్నలు, అవ్వా బాపూ, అక్కడ సాంచెలు నడిపేవాళ్లు. ఆ మరమగ్గాల మోతలో నా మాట ఎవరికీ వినబడేది కాదు. వాళ్లిద్దరు మాత్రం ఒకరి పెదవులు ఒకరు చూసి ముచ్చట పెట్టుకునేవాళ్లు. మధ్యలో నావైపు చూసి తలలూపేవాళ్లు. పిల్లలు లేని మంచిర్యాల చిన్నమ్మకు నన్ను ఇచ్చేస్తారని నా అనుమానం. గుడ్డ తానుల వెనక నుంచి వాళ్లనే కనిపెట్టేదాన్ని.

ఒకనాడు బాపు నన్ను చూపిస్తూ ఏదో అంటుండగా కరెంటు పోయింది. మోత ఆగి, ఆయన అరుపు షెడ్డంతా వినబడింది.

"పోరి తిన్నదా?"

"యాడ తిన్నది? పొద్దటిసంది మన మూతులే చూస్తాంది," అన్నది అవ్వ.

నేను నమ్మలేదు. కరెంటు పోగానే మాట మార్చారనుకున్నాను.

"నన్ను చిన్నమ్మకు ఇస్తరా?" అని అడిగేశాను.

"గీ అనుమానాల పోరిని ఎవలు తీస్కుంటరే?" అని బాపు నవ్విండు.

కరెంటు వచ్చింది. మోతలో బాపు పెదవులు మళ్లీ అలాగే కదిలాయి.

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. కానీ నేను మొదట చదివిన మాట బాపు పెదవుల మీదిదే: "తిన్నదా?"