గోదావరిఖనిలో ఫ్యాను ఆగిన తరగతి

పోయిన ఏడు మా కారు బోల్తా పడ్డాక ఎముకలు అతుక్కున్నాయి గానీ, ఒళ్లు మాత్రం నిమ్మళించలేదు. ఎక్కడ కూర్చున్నా లేచి పారిపోవాలనే ఉంటుంది. హైదరాబాద్‌లో రెండు ధ్యాన శిబిరాల నుంచి మధ్యలోనే లేచి వచ్చేశాను. గోదావరిఖనిలో ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్ల కోసం సునీత అనే కౌన్సెలర్ ఆదివారం ధ్యానం నేర్పుతుందని స్నేహితురాలు చెప్పింది. అక్కడా లేచిపోతే ఇక ఈ ఊసే ఎత్తకూడదనుకుని బయల్దేరాను.

పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలెక్కితే రామగుండానికి దాదాపు నాలుగు గంటలు. అందులో సగం తలుపు దగ్గర నిలబడే వచ్చాను. స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలుంటాయి, నా దగ్గర ముప్పై రూపాయలు తీసుకున్నారు. బొగ్గు లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోగానే ఆటో కడ్డీని కావలించుకున్నంత పని చేశాను.

"ఫికర్ చెయ్యకక్కా, మెల్లగనే పోత," అన్నాడు డ్రైవర్. నిజంగానే మెల్లగా తోలాడు. నా గుండె మాత్రం మెల్లగా కొట్టుకోలేదు.

కార్మికుల క్వార్టర్ల మధ్య చిన్న హాలు. చాపల మీద కొద్దిమందిమి కూర్చున్నాం. "కండ్లు మూసుకోన్రి. కాళ్లు నేలకు ఎట్ల తాకుతున్నయో సూడున్రి," అంటూ సునీత, చప్పుడు ఉండకూడదని ఫ్యాను ఆపేసింది. అంతే, నా పక్కనున్న రాజయ్య అనే పెద్దాయన దిగ్గున లేచి తలుపు వైపు నడిచాడు. ఆ సందు చూసుకుని నేనూ లేచాను.

"ఏందమ్మా గిది! ఫ్యాను బందైతే ఎవడన్న లోపట ఉంటడా?" అన్నాడాయన గడప దగ్గర ఆగి. భూగర్భ గనిలో గాలి పంపే ఫ్యాను ఆగితే పని వదిలేసి అందరూ బయటికి రావాల్సిందే. ఆయన గని పని నుంచి రిటైరైనా ఆ అలవాటు ఒంట్లోంచి పోలేదు.

సునీత నాలుక కరుచుకుని స్విచ్ వేసింది. "తప్పైంది కాకా. మా నాయిన గూడ బొగ్గుబాయిల చేసిండు, నాకు యాదికుండాలె. కండ్లు తెర్సుకొనే కూసో, తలుపుకాడ."

రాజయ్య చాప లాక్కుంటూ నావైపు చూశాడు. "నువ్వెందుకు లేసినవ్ బిడ్డా? నువ్వు గూడ బాయిల చేసినవా?"

ఎన్నాళ్లకో నవ్వొచ్చింది. "లేదు కాకా, నాకు కూర్చోవాలంటేనే భయం."

"అయితే ఈడ్నే కూసో. ఇద్దరం తలుపు సూస్కుంట కూసుందం."

కూర్చున్నాను. తొడలు అదురుతూనే ఉన్నాయి. ఆపొద్దు, గమనించమంది సునీత. ప్రశాంతత దొరికిందని అబద్ధమాడను. తరగతి అయిపోయిందనేసరికి మాత్రం నేనింకా చాప మీదే ఉన్నాను, ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ నా ఒళ్లు చెడిపోయిందని తిట్టుకున్నాను. పాపం, ప్రమాదం అయిపోయిందని దానికింకా తెలియదు.

ఇలాంటి చోటికి వెళ్లేవాళ్లు ముందే అడిగి తలుపు పక్కన కూర్చోండి, తలుపు తీసే ఉంచమనండి. ఎప్పుడైనా లేచి వెళ్లొచ్చని తెలిశాకే నాకు కూర్చోవడం చేతనైంది.